ఆటల పక్కన దౌత్యం: ఒక వార్తా యాప్‌తో ఏడాది

ఆటల పోటీల వార్తలనూ విదేశాంగ విధాన వార్తలనూ ఒకే చోట అందించే ఒక చందా యాప్‌ను ఏడాదిగా రోజూ చదువుతున్నాను. ఆటలను చివరి పేజీలోనూ విదేశీ వ్యవహారాలను లోపలి పేజీలోనూ వెతుక్కోవడానికి అలవాటుపడిన నాకు ఈ కూర్పు మొదట వింతగా తోచింది. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌పై అందులో ఉన్న కథనం చదివాక ఆ అభిప్రాయం మారిపోయింది.

ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా ఆ పరుగును పాదరక్షలు లేకుండా 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచాడని ఆటలంటే ఇష్టమున్నవారిలో చాలామందికి తెలుసు. ఆ కథనంతో పాటు ఇచ్చిన దారి పటంలో ఒక చిన్న చుక్క ఉంది. దానిపై వేలు పెడితే, ముస్సోలినీ పాలనలో 1937లో ఇథియోపియా నుంచి తరలించి రోమ్‌లో నిలబెట్టిన ఆక్సుమ్ రాతిస్తంభం బొమ్మ తెరుచుకుంటుంది. తన దేశం నుంచి ఎత్తుకెళ్లిన స్తంభం పక్కగానే బికిలా పరుగెత్తాడనీ, అది స్వదేశానికి తిరిగి చేరడానికి 2005 వరకు పట్టిందనీ చదివినప్పుడు ఆ స్వర్ణం బరువు ఎంతటిదో నాకు మొదటిసారి తెలిసింది. ఫలితాలు మాత్రమే ఇచ్చే ఏ సేవా నాకు ఇంతటి అనుభవాన్ని ఇవ్వలేదు.

1971లో నగోయాలో జరిగిన ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీల కథనం కూడా అంతే శ్రద్ధగా రాశారు. అమెరికా ఆటగాడు గ్లెన్ కోవన్ చైనా జట్టు బస్సు ఎక్కడం, చైనా ఆటగాడు జువాంగ్ జెడాంగ్ అతనికి హువాంగ్‌షాన్ కొండల చిత్రమున్న పట్టువస్త్రం బహూకరించడం, అదే ఏప్రిల్‌లో అమెరికా జట్టు చైనాకు వెళ్లడం, జులైలో అమెరికా జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ చైనాకు రహస్య పర్యటన, 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ పర్యటన వరుసగా వస్తాయి. బస్సులో జరిగిన పలకరింపే చరిత్రను మలుపు తిప్పిందని తేల్చేయకుండా, దౌత్య సంబంధాలు లేని ఆ రెండు ప్రభుత్వాలూ అప్పటికే మాట కలిపే దారి కోసం చూస్తున్నాయని స్పష్టంగా చెప్పడం నాకు బాగా నచ్చింది.

పాత సంగతుల్లో కనిపించే ఈ జాగ్రత్త తాజా వార్తల్లో సడలుతోంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు అమెరికా, బ్రిటన్ వంటి దేశాలు ప్రకటించినది దౌత్య బహిష్కరణ. అంటే అధికార ప్రతినిధులను పంపలేదు గానీ క్రీడాకారులు వెళ్లి పోటీపడ్డారు. ఈ యాప్‌లోని అప్పటి కథనానికి ఇప్పటికీ ఉన్న శీర్షిక మాత్రం 'ఒలింపిక్స్ బహిష్కరణ' అనే చెబుతుంది. 1980లో మాస్కో ఒలింపిక్స్‌కు అమెరికా తన క్రీడాకారులను అసలు పంపనే లేదు. ఏళ్ల తరబడి సాధన చేసినవారికి పోటీలో నిలబడే అవకాశమే దక్కకపోవడాన్నీ, మంత్రుల కుర్చీలు ఖాళీగా ఉండటాన్నీ ఒకే మాటతో చెబితే ఆ క్రీడాకారులు కోల్పోయినదేమిటో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

రెండో పొరపాటు పతకాల పట్టికలో కనిపించింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల ట్రాంపొలిన్ (సాగే వలపై ఎగిరి చేసే జిమ్నాస్టిక్స్) స్వర్ణం గెలిచిన బెలారుస్ క్రీడాకారుడు ఇవాన్ లిత్వినోవిచ్ వ్యక్తిగత తటస్థ క్రీడాకారుడి హోదాలో పోటీపడ్డాడు. రష్యా, బెలారుస్‌ల నుంచి ఆ హోదాలో వచ్చినవారికి తమ దేశ పతాకం గానీ గీతం గానీ లేదు. ఈ యాప్ మాత్రం ఆ స్వర్ణాన్ని బెలారుస్ జెండా పక్కన చూపించింది. ఆటనూ విదేశాంగాన్నీ కలిపి చెబుతామని హామీ ఇచ్చిన సేవ, ఆ రెండూ కలిసే చోటే తప్పడం నన్ను బాధించింది.

ప్రత్యక్ష ఫలితాలు త్వరగానే వస్తాయి. పరుగు పందెం ఫలితాన్ని నోటిఫికేషన్‌లోనే బయటపెట్టకుండా ఆపుకొనే వీలు ఉంది, కాబట్టి తర్వాత చూడాలనుకునేవారు ముందుగానే దాన్ని సరిచేసుకోవడం మంచిది. ఆటల వెనుక కథలు తెలుసుకోవాలనుకునేవారికి ఈ చందా నిస్సందేహంగా తగినది. విదేశాంగ వార్తలకు దీనినొక్కదానినే నమ్ముకోవద్దని మాత్రం చెబుతాను.

పతకాల పట్టిక గురించి నేను యాప్ వారికి రాసిన రెండు రోజులకు దాన్ని సరిదిద్ది, దిగువన సవరణ గమనిక కూడా చేర్చారు. బీజింగ్ శీర్షిక అలాగే ఉంది. చందాను మరో ఏడాదికి పొడిగించుకున్నాను, ఆ శీర్షిక గురించి నిన్న మళ్లీ రాశాను.