కొత్త హెచ్‌డీ టీవీకి ఏది మేలు: డిష్షా, ఓటీటీనా?

టీవీ కొత్తదైనా, పాత ఎస్‌డీ (తక్కువ స్పష్టత ఉండే) డిష్ బాక్సును ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతో కలిపితే బొమ్మ మసకే. హెచ్‌డీ సిగ్నల్, హెచ్‌డీఎంఐ కేబుల్ రెండూ కావాలి.

ఖర్చు: డిష్‌కు హెచ్‌డీ బాక్సు, నెలనెలా ప్యాక్. టీవీ స్మార్ట్‌దై, వైఫై ఇప్పటికే ఉంటే ఓటీటీకి (నెట్‌లో చూసే యాప్‌లకు) చందా ఒక్కటే.

శ్రమ: డిష్ బిగించడానికి మనిషి రావాలి. ఓటీటీకి లాగిన్ అయితే చాలు.

ఇబ్బంది: జోరువానలో డిష్ సిగ్నల్ పోతుంది. ఓటీటీలో హెచ్‌డీకి నెట్ కనీసం 5 ఎంబీపీఎస్ వేగంతో నిలకడగా ఉండాలి. ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపితే గంటకు 3 జీబీ దాకా లాగేస్తుంది. పైగా లైవ్ క్రికెట్ కాస్త ఆలస్యంగా వస్తుంది. సిక్స్ సంగతి పక్కింటి కేకతో ముందే తెలిసిపోతే ఇంకేం మజా!

సీరియళ్లు, వార్తలు, మ్యాచ్‌లు చూసే ఇంటికి డిష్. మంచి వైఫై ఉండి సినిమాలే చూసేవాళ్లకు ఓటీటీ. కాకపోతే చవకని ఓటీటీ మొబైల్ ప్లాన్ తీసుకోకండి, అలాంటి ప్లాన్లు కొన్ని టీవీలో అసలు రావు.