షుగర్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి: మూడేళ్లలో మా నాన్న చెప్పులు ఎవరూ విప్పించలేదు

పోయిన వారం క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది. మీ నాన్నగారి షుగర్ ప్యాకేజీ గడువు అయిపోవచ్చింది, ఈ నెలలో కడితే తగ్గింపు ఉంది అని. శ్రీకాకుళంలో మేం తొమ్మిదేళ్లుగా చూపించుకుంటున్న క్లినిక్ అది. ఆ ప్యాకేజీ మూడేళ్లు వరసగా ఏడాదికి 2,400 చొప్పున కొన్నాం. ఇక కొనం. ఇలాంటి మెసేజే మీకూ వచ్చి ఉంటే, డబ్బు కట్టే ముందు మాకేం జరిగిందో తెలుసుకోండి. పేరు రాయను. ఇలాంటి ప్యాకేజీలు ఇక్కడా విజయనగరంలోనూ చాలాచోట్ల అమ్ముతున్నారు, పేరు కంటే ఏం చూసుకోవాలన్నదే మీకు పనికొస్తుంది.

మాది సోంపేట వైపు. నాన్నకి 61 ఏళ్లు, కొబ్బరి తోట ఉంది, రోజంతా అందులోనే ఉంటారు. 2016లో షుగర్ బయటపడింది. అప్పటినుంచి నెలకోసారి బస్సెక్కి శ్రీకాకుళం వచ్చి చూపించుకునేవారు. పరగడుపున రక్తం ఇవ్వడం, 120, 130 అని రాయించుకోవడం, "కంట్రోల్లో ఉంది, అవే మాత్రలు వాడండి" అనిపించుకుని తిరిగి రావడం. పరీక్షకి రెండు రోజుల ముందునుంచి అన్నం మానేసి చోడి అంబలి తాగేవారని అమ్మ ఇప్పుడు చెబుతోంది. ఆ రెండు రోజుల నంబరే తొమ్మిదేళ్లు మాకు ధైర్యం ఇచ్చింది.

ప్యాకేజీ కొన్నది నేనే. నాన్న వద్దన్నారు. 72 పరీక్షలు, కంటి పరీక్ష, డాక్టర్ సంప్రదింపు అన్నీ కలిపి అని బోర్డు మీద చూసి, ఏడాదికొకసారి ఒంట్లో అన్నీ చూసేస్తారు కదా అనుకున్నాను. రిపోర్టు పదకొండు పేజీలు వచ్చేది. థైరాయిడ్ ఉంది, విటమిన్లు ఉన్నాయి, కాల్షియం ఉంది. షుగర్ వల్ల మొదట దెబ్బతినేవాటికి చేయాల్సిన పరీక్షలు మాత్రం లేవు. అది నాకు ఈ ఏడాది సంక్రాంతి తర్వాత తెలిసింది.

పండక్కి వచ్చిన మా అప్ప, అంటే అక్క, అరుగు మీద తడి మరకలు చూసి, నాన్న కాలు పట్టుకుని తిప్పి చూసింది. అరికాల్లో ఈత ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. చుట్టూ చీము. ఎన్నాళ్లయిందో నాన్నకే తెలీదు. "నొప్పేటీ లేదురా, నొప్పి లేని పుండు ఏటి సేస్తాది?" అన్నారు. ఆ మాటకి ఆ రోజు మేమూ ఊరట పడ్డాం. షుగర్ ఉన్న మనిషికి నొప్పి లేని పుండే ఎక్కువ ప్రమాదమని, నరం చచ్చుబడితేనే అలా ఉంటుందని మాలో ఎవరికీ తెలీదు. తెలియాల్సినాయన చెప్పలేదు.

క్లినిక్‌కి తీసుకెళితే ముల్లు తీసి, కట్టు కట్టి, యాంటీబయాటిక్ మాత్రలు, నొప్పి ఇంజక్షను ఇచ్చి పంపేశారు. లేని నొప్పికి ఇంజక్షను ఎందుకో నేను అడగలేదు. వారమైనా పుండు తగ్గకపోయేసరికి విశాఖలో షుగర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

ఆవిడ రిపోర్టులు ముట్టుకోకుండా ముందు రెండు చెప్పులూ విప్పమన్నారు. తొమ్మిదేళ్లలో నాన్నని ఆ మాట అడిగిన మొదటి డాక్టరు ఆవిడే. కళ్లు మూసుకోమని, పిడికి బిగించిన సన్నటి నైలాన్ తీగ ఒకటి తీసి, అరికాలు మీద అక్కడక్కడ ఆనిస్తూ, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. కాసేపటికి నాన్న, "ఇంకా మొదలెట్టలేదా తల్లీ?" అన్నారు. అప్పటికి ఆవిడ ఆరు చోట్ల ఆనించేశారు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ఆ నిమిషం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఆ తీగని మోనోఫిలమెంట్ అంటారట. పది గ్రాముల ఒత్తిడికి వంగేలా చేస్తారు. అది తగిలినట్టు తెలియకపోతే, అరికాల్లో ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా, వేడి సిమెంటు కాల్చినా తెలియదన్నమాట. పరీక్షకి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

తర్వాత కిడ్నీల కోసం ఉదయం మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్‌కీ క్రియాటినిన్‌కీ నిష్పత్తి చూశారు. ఏసీఆర్ అంటారు. 30 లోపు ఉండాలి, నాన్నకి 412 వచ్చింది. కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.5, కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంకె 53, అంటే తగ్గింది. అప్పుడు ఆవిడ మా పాత రిపోర్టులు మూడూ పక్కపక్కన పరిచారు. క్రియాటినిన్ మొదటి ఏడాది 1.0, రెండో ఏడాది 1.2, మూడో ఏడాది 1.3. ల్యాబు వాళ్ల లెక్కలో మూడూ నార్మలే, అందుకే ఒక్కదాని కిందా ఎర్రగీత లేదు. ఏడాదికేడాదీ పెరుగుతోందని చూడ్డానికి ఆ మూడు కాగితాలూ ఒకచోట పెడితే చాలు. మేం డబ్బు కట్టింది అలా చూసే మనిషికి అనుకున్నాం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే ఎర్రగీతతోనే ఉంది, ఒకసారి 8.2, ఇంకోసారి 8.6. చాలామందికి 7 లోపు ఉంచాలని చూస్తారు. క్లినిక్‌లో మాత్రం "వయసుకి పర్లేదు" అని అవే మాత్రలు రాశారు. పరీక్ష చేయకపోవడం ఒక తప్పయితే, చేసి దొరికినదాన్ని వదిలేయడం అంతకంటే పెద్ద తప్పని నా అభిప్రాయం.

కంటి సంగతి మరీ బాధ. ప్యాకేజీలో కంటి పరీక్ష అంటే గోడ మీద అక్షరాల బోర్డు చదివించడమే. నాన్న చివరి గీత దాకా చదివేశారు, కళ్లు బావున్నాయని రాశారు. విశాఖలో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక కంటి వెనకుండే పొర, రెటీనా చూస్తే రెండు కళ్లలోనూ రక్తనాళాలు దెబ్బతిని ఉన్నాయి, ఎడమ కంట్లో వాపు మొదలైంది. చూపు బాగున్నా రెటీనా పాడవుతూనే ఉంటుందట, చూపు తగ్గేసరికి ఆలస్యమైపోతుంది. ఇప్పుడు ఆ కంటికి ఇంజక్షన్లు నడుస్తున్నాయి.

మా వైపు వాళ్లు ప్రత్యేకంగా చదవాల్సింది ఇక్కడ ఒకటుంది. కిడ్నీ రిపోర్టు పట్టుకుని పాత క్లినిక్‌కి వెళ్లాను. కాగితం పూర్తిగా విప్పకుండానే, "మీది సోంపేట కదండీ, అక్కడ అందరికీ ఉండేదే, నీళ్ల వల్ల" అన్నారు. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బంటే ఏమిటో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. కవిటి, కంచిలి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఊళ్లలో డయాలసిస్‌కి తిరిగే చుట్టం లేని ఇల్లు నాకు తెలిసి తక్కువ. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అలాంటి చోట కిడ్నీలని మరీ జాగ్రత్తగా చూడాలి గానీ, ఊరి పేరు విని వదిలేస్తారా? విశాఖ డాక్టరు చెప్పిందేమిటంటే, ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో అల్బుమిన్ సాధారణంగా అంత ఎక్కువ పోదు. అల్బుమిన్ ఇంతగా పోతూ, కళ్లూ దెబ్బతిని ఉన్నాయంటే ముందు షుగర్‌నే అనుమానించాలి. రెండూ కలిసి ఉండే అవకాశం కూడా కొట్టిపారేయలేం, అందుకే కిడ్నీ డాక్టరుకీ చూపించమన్నారు. నీళ్ల మీదికి నెట్టేస్తే చేయగలిగిన వైద్యం కూడా చేయకుండా పోతుంది. అదే క్లినిక్‌లో మోకాళ్ల నొప్పులకని నాన్నకి రెండేళ్లుగా డైక్లోఫెనాక్ రాస్తున్నారు. కిడ్నీ తగ్గుతున్న మనిషికి ఇవ్వకూడని మందుల్లో అది ముందుంటుందట. విశాఖ డాక్టరు ఆ రోజే ఆపించేశారు.

ఏసీఆర్ ఎందుకు చేయలేదని కూడా అడిగాను. "మీరు అడగలేదు కదా, కావాలంటే 3,500 కిడ్నీ ప్యాకేజీ వేరే ఉంది" అన్నారు కౌంటర్లో. ఆ ఒక్క పరీక్షకి విశాఖలో మేం కట్టింది 450.

ఆ క్లినిక్ డాక్టరు గారు చెడ్డమనిషని నేననను. కరోనా రోజుల్లో ఫోనెత్తి మాట్లాడిన మనిషి. ఉదయం పూట ఆయన గది ముందు ఎనభై మంది కూర్చుంటారు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో చెప్పులు విప్పించి కాలు చూడటం కుదరదంటే అర్థం చేసుకుంటాను. కుదరనిదాన్ని షుగర్ సంపూర్ణ పరీక్ష అని పేరు పెట్టి అమ్మడమే నాకు మింగుడు పడటం లేదు.

కాబట్టి కట్టే ముందు కౌంటర్లో నోరు విప్పి అడగండి. మూత్రంలో ఏసీఆర్ ఉందా, లేక మామూలు మూత్ర పరీక్షేనా? కంటికి చుక్కలు వేసి రెటీనా చూస్తారా, బోర్డు చదివిస్తారా? కాళ్లు ఎవరు చూస్తారు, దేనితో చూస్తారు? పోయినేటి రిపోర్టుతో పోల్చి చెబుతారా? టైప్ 2 షుగర్ వాళ్లకి ఈ మూడు పరీక్షలూ జబ్బు బయటపడ్డ రోజునుంచే మొదలుపెట్టి ఏటా చేయాలి, పదేళ్లు ఆగక్కర్లేదు. బీపీ ప్రతిసారీ చూడాలి. తడబడితే ప్యాకేజీ మానేసి విడివిడిగా చేయించుకోండి, మాకైతే చవగ్గానే అయింది. కంటికి శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో కంటి విభాగాలు ఉన్నాయి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, బండి నడపకండి, తోడు ఒకరిని తీసుకెళ్లండి. ఇంటి దగ్గర రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవడానికి డబ్బేమీ అక్కర్లేదు. వంగలేని పెద్దవాళ్లకి కింద అద్దం పెట్టి చూపించొచ్చు. మా ఇంట్లో అప్ప ఉన్నన్నాళ్లు తనే చూసింది, ఇప్పుడు అమ్మ చూస్తోంది.

పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. కిడ్నీ కోసం టెల్మిసార్టన్ వెంటనే, డాపాగ్లిఫ్లోజిన్ పుండు పూర్తిగా మానాక మొదలుపెట్టారు. ఇది చదివి మందుల షాపులో కొనుక్కోకండి, ఎవరి కిడ్నీకి ఎంత అన్నది రిపోర్టు చూసి డాక్టరు చెప్పాల్సిందే. నాన్న ఇప్పుడు మెత్తటి అడుగు ఉన్న చెప్పులతోనే తోటలోకి వెళుతున్నారు. పోయిన కిడ్నీ తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకుందామని డాక్టరు ఆయనతోనే సూటిగా చెప్పారు. "ముందే సెప్పుంటే ముందే ఏసుకుందును కదమ్మా" అన్నారు నాన్న చెప్పుల వైపు చూస్తూ.

అమ్మకీ నాలుగేళ్లుగా షుగర్ ఉంది. అదే క్లినిక్, అదే ప్యాకేజీ, అన్నీ నార్మల్ అని రాసిన రిపోర్టు. విశాఖ నుంచి వచ్చిన మర్నాడే ఆవిడకీ ఏసీఆర్ చేయించాను. 48 వచ్చింది. ఒక్కసారి చూసి తేల్చకూడదు, మూడు నెలల్లో మళ్లీ చేయాలన్నారు. వచ్చే నెల పదో తారీకు వెళుతున్నాం.