వెట్ బోర్డ్ మీద సెట్: మూడింట రెండు వంతుల బెట్‌ని నాలుగేళ్లు వాడాక

విశాఖలో హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలతో ఆడే పోకర్) బల్ల దగ్గర కూర్చునేవాళ్లలో చాలామంది రమ్మీ నుంచో మూడుముక్కలాట నుంచో వచ్చినవాళ్లే. ఆ రెండు ఆటలూ ఇక్కడ ఒకే రకంగా దెబ్బతీస్తాయి. రమ్మీలో సెట్ ఒకసారి కుదిరితే ఎవరూ దాన్ని చెడగొట్టలేరు. మూడుముక్కల్లో ట్రయిల్‌కి, అంటే మూడూ ఒకే అంకె ముక్కలకి, తిరుగు లేదు. హోల్డెమ్‌లో ఫ్లాప్ (బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కలు) మీద వచ్చిన సెట్ (చేతిలోని జతకి బల్ల మీద మూడోది కలవడం) టర్న్ (నాలుగో ముక్క) కల్లా మూడో స్థానానికి జారిపోవచ్చు. వెట్ బోర్డ్ అంటే అదే: సెట్‌ని మించే ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు), స్ట్రెయిట్ (వరసగా ఐదు) సులువుగా కుదిరే ముక్కలు బల్ల మీద ఉండటం. అలాంటి చోట సెట్‌తో ఫ్లాప్‌లోనే పాట్‌లో (బల్ల మీద పోగైన చిప్పుల్లో) మూడింట రెండు వంతులు బెట్ వేయడమే ఇక్కడి పద్ధతి.

ఇక్కడి లెక్కలన్నీ డబ్బు లేకుండా, పాయింట్ల కోసం ఇళ్లలో ఆడే టోర్నమెంట్లవి. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆపింది, 2025లో కేంద్ర చట్టం దేశమంతటా ఆపింది.

లెక్కకి ఒక చెయ్యి తీసుకుందాం. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టి తీరాల్సిన పందెం, చిన్నది స్మాల్, పెద్దది బిగ్) 100-200, బిగ్ బ్లైండ్ అదనంగా పెట్టే యాంటీ 200, అది పోగా ఇద్దరి దగ్గరా 6,000 చిప్పులు. మీరు బటన్ (ఫ్లాప్ నుంచి అందరికన్నా చివర ఆడే సీటు) మీద ఇస్పేటు ఎనిమిది, డైమన్ ఎనిమిది పట్టుకుని 500కి రెయిజ్ చేశారు (పందెం పెంచారు), బిగ్ బ్లైండ్ కాల్ చేశాడు (అంతే పెట్టాడు). పాట్ 1,300, మీ దగ్గర మిగిలింది 5,500. ఫ్లాప్: ఆఠీన్ ఎనిమిది, ఆఠీన్ తొమ్మిది, కళావర్ జాకీ. అతను చెక్ చేశాడు, అంటే ఏమీ వేయకుండా మీకు వదిలాడు.

కనబడని 47 ముక్కల్లో మీకు ఫుల్ హౌసో (ఒకే అంకెవి మూడు, మరో అంకెవి రెండు, ఫ్లష్‌ని కూడా గెలుస్తుంది) నాలుగు ఎనిమిదులో కుదిర్చేవి ఏడే. చెడ్డవి 19: జాకీ పోగా మిగిలిన పది ఆఠీన్లు, ఆఠీన్ కాని పదులు, రాణులు, ఏడులు మూడేసి. అంటే టర్న్‌లో నూటికి నలభైసార్లు బోర్డు భయపెట్టే ముక్క పడుతుంది.

ఈ పద్ధతికి బలం ఆ నలభైలోనే ఉంది. "తక్కువ బెట్ వేస్తే ఫ్లష్ డ్రాకి (ఇంకొక్క ముక్క పడితే ఫ్లష్ అయ్యే చేతికి) చవగ్గా దొరుకుతుంది" అని అందరూ చెప్పే కారణం సగమే నిజం. సగం పాట్ వేసినా కాల్ చేసేవాడికి 25 శాతం గెలుపు అవకాశం కావాలి, ఒక్క ముక్కలో ఫ్లష్ పడే అవకాశం 20 శాతం లోపే. అసలు కారణం వేరు. మూడో ఆఠీనో పదో పడ్డాక జాకీ జత ఉన్నవాడు ఒక్క చిప్పు కూడా పెట్టడు. అతను పెట్టేదంతా ఇప్పుడే పెట్టించుకోవాలి. పాట్‌లో మూడింట రెండు వంతులు, 870 వేసి, అతను కాల్ చేస్తే పాట్ 3,040 అవుతుంది. మామూలు టర్న్‌లో 2,000 వేస్తే రివర్‌కి (ఐదో, ఆఖరి ముక్కకి) 2,630 మిగులుతుంది, అప్పటికి పాట్ 7,040. అక్కడ ఆల్-ఇన్ (ఉన్నదంతా) వేస్తే ఎదుటివాడికి వదలబుద్ధి కాదు.

చెక్ చేసి నక్కి కూర్చోవడం ఇక్కడ శుద్ధ దండగ. ఫ్లాప్‌లోనే 5,500 తోసేయడమూ అంతే: స్ట్రెయిట్ ఉన్నవాడు, పెద్ద డ్రా ఉన్నవాడు తప్ప ఎవరూ కాల్ చేయరు.

చెడ్డ టర్న్ పడితే ఈ పద్ధతి ఏమీ చెప్పదు, దాని పెద్ద లోపం అదే. చాలామంది ఊపు మీద రెండో బెట్ కూడా వేసేస్తారు. అతను చెక్ చేస్తే మీరూ చెక్ చేసి ముక్క ఉచితంగా చూడండి. అతనే 1,000 వేస్తే ఫ్లష్ అని తెలిసినా కాల్ చేయవచ్చు: కావలసింది 20 శాతం, రివర్‌లో మీకు 46లో పది ముక్కలున్నాయి, దాదాపు 22 శాతం. అదే 4,630 ఆల్-ఇన్ వేస్తే కావలసింది 38 శాతం. అతను ఒంటి ఆఠీన్ ఆసుతో బ్లఫ్ చేసే రకం కాకపోతే పడేయడమే. ఎనిమిదులు మూడున్నా సరే.

ముగ్గురు ఆటలో ఉంటే, అంటే స్మాల్ బ్లైండ్ కూడా కాల్ చేస్తే, పాట్ 1,700. అప్పుడు ముప్పావు వంతు, 1,275 వేయండి. ఒకడు ఆల్-ఇన్, రెండోవాడూ ఆల్-ఇన్ అంటే గుండె జారుతుంది. కానీ 18,200 పాట్ కోసం మీరింకా పెట్టాల్సింది 4,225, అంటే 23 శాతం చాలు. ఒకడి దగ్గర స్ట్రెయిట్, ఇంకొకడి దగ్గర ఫ్లష్ డ్రా ఉన్నా ఫుల్ హౌస్ అవకాశం సుమారు మూడో వంతు. ముప్పై బిగ్ బ్లైండ్ల స్టాకుతో (దగ్గరున్న చిప్పులతో) ఫ్లాప్ సెట్ పడేయకూడదు. వంద బ్లైండ్లుంటే అది వేరే ఆట.

స్టాక్ పన్నెండు బ్లైండ్లకి తగ్గితే ఈ పద్ధతి అక్కర్లేదు. ఫ్లాప్‌లో పాట్‌కి మూడో వంతు, టర్న్‌లో ఏ ముక్క పడినా మిగతాదంతా.

ఎప్పుడూ అదే జట్టుతో ఆడేవాళ్లకి ఇంకో చిక్కుంది. సెట్ వచ్చినప్పుడే 870 వేస్తే నెల తిరక్కుండా పట్టేస్తారు. అదే బోర్డు మీద జాకీ-పదితోనూ, ఆఠీన్ ఆసు-రాజుతోనూ అదే సైజు వేయాలి. ముక్కలు కూడా పూర్తి ప్లాస్టిక్‌వి వాడండి. ఈ సముద్రపు గాలికి కాగితపు పేక నెలకే ఉబ్బుతుంది, ఏ ముక్క ఏదో వెనకనుంచే తెలిసిపోతుంది.

మొదటి ముగ్గురికే పాయింట్లున్న రాత్రి నలుగురు మిగిలి, ఒకడి దగ్గర మూడు బ్లైండ్లే ఉన్నప్పుడు టర్న్ లెక్క మారుతుంది. మీకన్నా పెద్ద స్టాక్ ఉన్నవాడు చెడ్డ టర్న్ మీద ఆల్-ఇన్ వేస్తే అక్కడ 38 శాతం ఉన్నా చాలదు. ఓడితే నాలుగో స్థానం మీదే, పడేస్తే ఆ చిన్న స్టాక్ మీకంటే ముందే పోవచ్చు.