గోదావరిఖని ఎండలో కూల్ రూఫ్ పెయింట్: డబ్బా మీది మాటల్లో నిజమెంత

కూల్ రూఫ్ పెయింట్ అంటే ఇల్లు చల్లబడడానికి కప్పు మీద వేసే తెల్ల పెయింట్. దాని డబ్బా మీద రెండు మాటలున్నాయి. ఇంట్లో వేడి పది డిగ్రీల దాకా తగ్గుతుందని ఒకటి. ఆకుపచ్చ ఆకు బొమ్మ పక్కన, భూమిని కాపాడుతుందని ఇంకొకటి. మొదటిదాంట్లో మూడో వంతు నిజం ఉంది. రెండోదాని మీద నేను చెప్పాల్సింది కాస్త ఎక్కువే ఉంది, ఎందుకంటే నేను సింగరేణిలో బొగ్గు తీసి రిటైరైనవాణ్ని, ఉండేది గోదావరిఖనిలో.

ముందు సరుకు సంగతి. కంపెనీ పేరు రాయను. ఈ రకం పెయింట్లు ఇంచుమించు అన్నీ ఒకటే: అక్రిలిక్ బంక, అందులో తెల్లటి టైటానియం డయాక్సైడ్ పొడి. ఇరవై లీటర్ల డబ్బా నాకు ఐదు వేలకు కాస్త అటూఇటూ పడింది. ఒక డబ్బా ఆరు వందల చదరపు అడుగులకు వస్తుందని షాపులో చెప్పారు. చిక్కగా రెండు కోటింగులు వేస్తే నాలుగు వందలకు మించి రాలేదు. కూలి వేరే.

మాది ఒకే అంతస్తు. మే నెలలో రాత్రి పదకొండు దాటినా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగానే ఉండేది, ఫ్యాన్ వేస్తే స్లాబులోని వేడంతా మంచం మీదికి దిగేది.

పని చేయించుకునేటప్పుడు దగ్గరుండాలి. స్లాబు కడిగి, పాచి గీకి, పూర్తిగా ఆరాకే మొదలుపెట్టాలి. సన్న పగుళ్లుంటే ముందే పూడ్చాలి. మొదటిసారి నీళ్లు కలిపి పల్చగా కొట్టాలి. అది పీల్చుకున్నాక చిక్కగా రెండు కోటింగులు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, మధ్యలో నాలుగైదు గంటల ఎడంతో. మాకు వచ్చిన పెయింటర్ టీ తాగొచ్చి రెండోది కొట్టేస్తానన్నాడు. మా ఆవిడ మెట్ల గది నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంది, ఇక ఆయన తొందరపడలేదు.

ఆ మెట్ల గది పైకప్పుకు మాత్రం కావాలనే పెయింట్ వేయించలేదు, పోల్చి చూద్దామని. మోటార్ల బేరింగుల వేడి చూసే టెంపరేచర్ గన్ మా మేనల్లుడి దగ్గర ఉంటుంది, అడిగి తెప్పించాను. మే నెలలో నీడలో 44 డిగ్రీలున్న ఒక మధ్యాహ్నం, ఉత్త సిమెంటు స్లాబు 61 చూపించింది. తెల్లది 47. పద్నాలుగు డిగ్రీల తేడా! 'కాకా, పది డిగ్రీలు గ్యారంటీ' అని షాపాయన చెప్పింది ఈ లెక్కనే. కాకపోతే అది స్లాబు పైముఖం తేడా. మనం పడుకునేది దాని కింద. గదిలో మాకు తగ్గింది మూడు డిగ్రీలు, కిటికీలు తెరిచి ఉంటే ఇంకాస్త తక్కువ. హైదరాబాద్‌లో 2017లో దేవరకొండ బస్తీలోని పేదల ఇళ్ల మీద తెల్లటి షీట్లు పరిచి పరీక్షించినప్పుడు కూడా లోపల తగ్గింది సగటున రెండు డిగ్రీలే.

రెండు మూడే కదా అని తీసిపారేయకండి. గోడలు ఇప్పుడు రాత్రి తొమ్మిదికల్లా చల్లబడుతున్నాయి. 24లో పెట్టే ఏసీని 27లో పెడుతున్నాం, ఒక్కోరోజు ఫ్యాన్‌తోనే సరిపోతోంది. ఎండాకాలం నెలల్లో కరెంటు బిల్లులో దాదాపు యాభై యూనిట్లు తగ్గాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. మధ్యాహ్నం పైకి వెళ్తే కళ్లు తెరవలేం. వానపడితే జారుతుంది, పెద్దవాళ్లు జాగ్రత్త. కింద స్లాబు కాలకపోవడంతో వడియాలు ఎండడానికి ఎక్కువ టైమ్ పడుతోందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. డిసెంబర్ తెల్లవారుజాముల్లో ఇల్లు మునుపటికంటే చల్లగా ఉంటోంది, దుప్పటి కప్పుకుంటే పోయే బాధ అది.

అసలు సమస్య దుమ్ము. మా ఊళ్లో తెల్లనిదేదీ ఎక్కువ కాలం తెల్లగా ఉండదు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డుకు మేం దగ్గర. వానలు వెళ్లి, చలికాలం గడిచి, మళ్లీ ఎండలు ముదిరేసరికి స్లాబు బూడిదరంగుకు తిరిగింది. గన్ పెట్టి చూస్తే 54. ఒక మూల చీపురుతో రుద్ది కడిగించి, ఆరాక మళ్లీ చూస్తే 48. అంటే పెయింట్ పాడవలేదు, దాని మీద దుమ్ము పేరుకుంది, అంతే. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు పెట్టి స్లాబు కడగడమంటే మా వీధిలో నలుగురూ నాలుగు మాటలంటారు. మార్చిలోనే ఆ పని కానిచ్చేయాలి. ఐదేళ్ల వారంటీ కాగితం చదివితే తెలిసింది, అది నీళ్లు కారకుండా ఉండడానికే. తెలుపు తగ్గితే వాళ్లకు సంబంధం లేదు. నేను మార్కులు కోసింది ఇక్కడే.

ఇక ఆకు బొమ్మ. అది ఉత్త అబద్ధమేమీ కాదు. ఎండలో దాదాపు సగం కంటికి కనిపించే వెలుగుగా వస్తుంది. తెల్ల కప్పు దాన్ని వెలుగుగానే తిప్పికొడుతుంది, చాలావరకు అలాగే గాలిని దాటి పైకి పోతుంది. ముదురు స్లాబు ఆ వెలుగును మింగి, వేడి కిరణాలుగా వదులుతుంది. ఆ వేడిని గాలిలోని కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పట్టుకుని కొంత మళ్లీ కిందికే పంపుతాయి. ఉత్తర ధ్రువం దగ్గర మంచు కరిగిపోతే భయపడేదీ ఇందుకే. తెల్లటి మంచు పోతే కింద నల్లటి సముద్రం బయటపడుతుంది, అది ఇంకా ఎండ తాగుతుంది, ఇంకా మంచు కరుగుతుంది.

కానీ లెక్క వేసుకుందాం. హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద 1958లో గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పది లక్షల్లో 315 భాగాలు. ఇప్పుడు 420 దాటింది. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చగా వచ్చిందే. మా పక్కన ఎన్టీపీసీ రామగుండం 2,600 మెగావాట్లు. బొగ్గుతో ఒక యూనిట్ తీయడానికి అరకిలోకు పైగానే కాల్చాలి, కాబట్టి పూర్తి లోడ్ మీద నడిస్తే రోజుకు రమారమి నలభై వేల టన్నులు. మా బొగ్గులో బూడిద ఎక్కువ. అయినా టన్ను కాలితే టన్నున్నర దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కర్బనానికి గాలిలోని ఆక్సిజన్ బరువు తోడవుతుంది గనుక. నా స్లాబు మిగిల్చిన యాభై యూనిట్లంటే నెలకు ముప్పై కిలోల పైచిలుకు బొగ్గు. తట్టల లెక్కన రెండు తట్టలు. దానికి ఆకు బొమ్మ వేసుకుంటే వేసుకోండి, భూమి పేరెందుకు?

ప్లాంటు రిజర్వాయర్ మీద 2022లో 100 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు. వెళ్లి చూశాను, నీళ్ల మీద పలకలు ఆ చివరిదాకా పరిచి ఉన్నాయి, నాకు నచ్చింది. ఆ తర్వాత 2023లో ఒకటి, 2024లో ఒకటి, అక్కడే 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లు రెండు మొదలయ్యాయి. ఎవరినీ తప్పు పట్టడం లేదు. జనం ఏసీలు వేసుకునేది రాత్రిపూట, అప్పుడు సోలార్ ఉండదు. ఎండ పెరిగితే ఏసీలు పెరుగుతాయి, ఏసీలకు బొగ్గు పెరుగుతుంది, బొగ్గుకు మళ్లీ ఎండ. నా ఇల్లు బొగ్గు జీతంతో కట్టిందే, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కానీ వేడికి కారణం పొయ్యిలో ఉంది. పెయింట్ పనిచేసేది కప్పు మీద.

ఈ పెయింట్ అసలు ఎవరికి కావాలో వాళ్లకు చేరడం లేదన్నది నా ఇంకో బాధ. 2015 మే వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారు. ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్లే ఎక్కువ. అలాంటివాళ్లలో చాలామంది ఉండేది రేకుల ఇళ్లలో. పల్చటి రేకు ఎండను ఆపలేదు, అందుకే తెల్ల పూత ఫలితం స్లాబు కంటే రేకు మీద ఎక్కువగా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలో, నివాసాల వరకు చూస్తే, ఆరు వందల గజాలు దాటిన స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి అన్నారు. చిన్న ఇళ్లవాళ్ల ఇష్టానికి వదిలేశారు. నన్నడిగితే చిన్న ఇళ్లకు డబ్బాలు ఊరికే ఇవ్వాలి.

ఐదు వేలు పెట్టలేనివాళ్లు సున్నంలో కాస్త బంక కలిపి కొట్టుకోండి. వానలకు పోతుంది, ఏటా ఫిబ్రవరిలో మళ్లీ కొట్టాలి. కొత్తగా ఉన్నప్పుడు మాత్రం పెయింట్‌తో పోలిస్తే చల్లదనంలో పెద్ద తేడా ఉండదు. మా ఎదురింట్లో అదే చేశారు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. కొనేటప్పుడు డబ్బా మీద ఎస్సారై అంకె చూడండి. ఎండలో పూత ఎంత చల్లగా ఉంటుందో చెప్పడానికి, నలుపుకు సున్నా, తెలుపుకు వంద లెక్కన ఇచ్చే అంకె అది, కొత్త పూతకు వేసినదే పెద్దగా అచ్చువేస్తారు. మూడేళ్లు ఎండలో ఉన్న తర్వాత ఎంత ఉంటుందో అడగండి. దానికి జవాబు చెప్పలేని షాపులో కొనకండి. ఏప్రిల్ దాకా ఆగితే పెయింటర్లు దొరకరు.