చించెరోలో "బేబీ అల్పాకా" శాలువా కొనేవాళ్లు జాగ్రత్త

పెరూలో కుస్కో నుంచి చించెరో వెళ్తున్నవాళ్లు ముందు ఇది చదవండి. టూరు బస్సులు ఆపే నేత ప్రదర్శనలు తెలిసినవే కదా. అలాంటి ఒక చోట నిన్న బేబీ అల్పాకా (లామా లాంటి ఒంటె జాతి జంతువు మెత్తటి ఉన్ని) అని నమ్మి 280 సోల్స్ పోసి కొన్నది తీరా చూస్తే అక్రిలిక్ అనే కృత్రిమ నూలు. ఒళ్లు మండిపోతోంది.

చూపించేదంతా నిజమే, చిక్కు అక్కడే ఉంది. సక్తా దుంప తురిమి, నీళ్లలో నురగ తీసి ఉన్ని ఉతుకుతారు. నాగజెముడు మీది కోచినీల్ పురుగును అరచేతిలో నలిపితే నెత్తుటి ఎరుపు వస్తుంది, నిమ్మరసం పిండగానే అది నారింజకు తిరుగుతుంది. నడుముకు కట్టుకున్న మగ్గం మీద లామా ఎముకతో పేక బిగిస్తారు. ఆ పనితనానికి దణ్ణం పెట్టాలి. కానీ పక్క బల్ల మీది దొంతరలో మిల్లు సరుకు కలిపేస్తారు. కళ్ల ముందు చూసిన మగ్గం మీద నమ్మకంతో మనం ఆ దొంతరకు డబ్బులిస్తాం.

వెనక్కి వెళ్లి, కుచ్చులోంచి లాగిన పోగును అమ్మినావిడ ఎదుటే అంటించాను. కరిగి, నల్లటి గట్టి పూసలా ముద్దకట్టింది. ఆవిడ దానివైపు చూడనైనా లేదు. శాలువా మడిచి నా చేతిలో పెట్టి, "బొలేటా ఏది?" అంది. రసీదు లేదు. అడగకపోవడం నా తప్పే. అంతలో ఇంకో బస్సు దిగింది. అదే దొంతరలోంచి అలాంటిదే ఇంకోటి తీసి, "బేబీ అల్పాకా" అంటూ వాళ్ల భుజాల మీద కప్పింది. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను!

పట్టుచీరకు పోగు కాల్చి చూసే మనం అక్కడా చూడాలి. అసలు ఉన్నయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పొడిలో గట్టి పూసలు తగిలితే కల్తీ. గొర్రె ఉన్నీ ఇలాగే కాలుతుంది కాబట్టి ఇది ఒక్కటే చాలదు. అల్పాకా ముట్టుకుంటే చల్లగా, జారుగా, కాస్త బరువుగా ఉంటుంది. "బేబీ" అంటే పిల్ల జంతువు అని కాదు, సుమారు 23 మైక్రాన్ల లోపు మందమున్న సన్నని పోగుకు పెట్టిన గ్రేడు పేరు.

పాత పద్ధతి చేతినేతకు నాలుగు వైపులా నేసిన అంచే ఉంటుంది, కత్తిరించిన చోటు కనపడదు. భుజాన వేసుకునే లిక్లా అయితే రెండు ముక్కలు మధ్యలో కలిపి కుట్టి ఉంటాయి. డబ్బులిచ్చే ముందే బొలేటా మీద "అల్పాకా 100 శాతం" అని రాయించుకోండి. రాయనంటే వదిలేసి వచ్చేయండి.