తోకలో పొట్టు ఉందా?

ఉదయం ఐదున్నరకి లాయంలోకి వెళ్లగానే నేను మొదట చూసేది గుర్రం తోకని. తోక వెంట్రుకల్లో, డొక్క మీద కింద పరిచిన చెక్కపొట్టు అంటుకుని ఉంటే రాత్రి పడుకున్నట్టు. శుభ్రంగా ఉంటే రాత్రంతా నిలబడే ఉన్నట్టు. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది కానీ, ఒళ్లంతా వదిలేసే గాఢనిద్ర మాత్రం పడుకుంటేనే పడుతుంది. రోజుకి అరగంటో గంటో చాలు. అది కూడా రోజుల తరబడి దొరక్కపోతే నిలబడ్డచోటే మోకాళ్లు మడతపడి ముందుకు తూలుతుంది.

మేం అట్లాంటాలో ఉంటాం. మా అమ్మాయి జంపింగ్ (గుర్రం మీద కంచెలు దూకే) పోటీల్లో పాల్గొంటుంది. ఎర్రగోధుమ రంగు గుర్రాన్ని లీజుకి తీసుకున్నాం, ఇంట్లో దాన్ని బాదం అంటాం. చలికాలంలో ఫ్లోరిడాలో పోటీలు వారాల తరబడి సాగుతాయి. మూడేళ్లుగా ప్రతి ఏడాదీ మూడు నాలుగు వారాలు అక్కడే ఉంటున్నాం.

మొదటి ఏడాది వెళ్లిన చోటు పేరు చెప్పను. టెంటు కింద పది అడుగుల స్టాల్ (గుర్రాన్ని ఉంచే గది), కింద వట్టి నేల, రబ్బరు మ్యాట్ లేదు. స్టాల్‌తో పాటు ఇచ్చింది రెండే సంచుల పొట్టు. మేం ఇంకో రెండు కొని, చాలనుకున్నాం. రెండో వారం ఒక రాత్రి గాలీవానా వచ్చి, టెంటు అంచు నుంచి నీళ్లు లోపలికి పారాయి. తెల్లారేసరికి పొట్టంతా ముద్ద. ఆఫీసుకి వెళ్లి అడిగితే వేరే స్టాల్ ఖాళీ లేదన్నారు. ఆ తర్వాత మూడు రోజులు బాదం తోక శుభ్రంగానే ఉంది. నాలుగో రోజు పోటీలో సులువైన కంచె దగ్గర ఆగిపోయింది. మా అమ్మాయి తన తప్పేమో అని ఏడ్చింది. తప్పు మాది. నేల తడిగా ఉంటే గుర్రం పడుకోదని తెలిసుండాల్సింది. చుట్టూ చిన్న కాలువ తవ్వి, ఎనిమిది సంచులు పరిచాక మర్నాడు తోకలో పొట్టు కనబడింది.

రెండో ఏడాది ఫ్లోరిడాలోనే ఒకాలాలోని వరల్డ్ ఈక్వెస్ట్రియన్ సెంటర్‌కి వెళ్లాం. మా ఊరి నుంచి ఆరు గంటల ప్రయాణం. 2021లో మొదలైన చోటు. అవి ఎయిర్ కండిషన్ ఉన్న పక్కా లాయాలు, స్టాల్స్‌లో రబ్బరు మ్యాట్లు ఉన్నాయి. మ్యాట్ ఉంటే పొట్టు మెత్తదనానికీ మూత్రం పీల్చడానికీ వేస్తే చాలు, నేల గట్టిదనాన్ని కప్పడానికి వేయక్కర్లేదు. ఐదో రోజు పొద్దున బాదం కాళ్లు చాచి, పక్కకి ఒరిగి, గురక పెడుతూ కనిపించింది. దాణా బకెట్ పట్టుకుని పది నిమిషాలు బయటే నిలబడ్డాం. మైదానంలోనే హోటల్ ఉంది కానీ ఖర్చు ఎక్కువ. మేం ఊళ్లో మామూలు హోటల్లో ఉన్నాం, ఇబ్బందేమీ కాలేదు.

పోయిన ఏడాది ఫ్లోరిడాలోనే ఉన్న వెల్లింగ్టన్. జనవరి నుంచి మార్చి చివరి దాకా జరిగే వింటర్ ఈక్వెస్ట్రియన్ ఫెస్టివల్ ఇక్కడే. పోటీల స్థాయి చూస్తే ఇదే గొప్ప, ఒలింపిక్ రైడర్లు పక్క రింగులో కనిపిస్తారు. సీజన్‌లో ఇళ్ల అద్దెలు మండిపోతాయి, అందుకే మేం వెస్ట్ పామ్ బీచ్ వైపు దిగాం. ఇక్కడ లద్దె విషయంలో నియమాలు గట్టివి. ఒక గుర్రం రోజుకి లద్దె, మూత్రం కలిపి ఇరవై కిలోలకి పైనే వేస్తుంది. అందులోని ఫాస్ఫరస్ వాన నీటితో ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లోకి చేరకూడదని ఊరి యంత్రాంగం పట్టుదల. చెప్పినచోటే వేయాలి. నాకది నచ్చింది.

పరుపు సంగతికొస్తే, మాకు పైన్ చెక్క చిత్రిక పొట్టే సరిపడింది. రంపపు పొట్టు సన్నటి దుమ్ము, ఊపిరితిత్తులకి మంచిది కాదు. గడ్డి మెత్తగా వెచ్చగా ఉంటుంది కానీ బాదం దాన్నే తింటుంది. చెక్కపొట్టుని నొక్కి చేసిన గుళికలకి నీళ్లు చల్లితే ఉబ్బుతాయి, ఎత్తడం తేలిక, పలచగా పడతాయి. బ్లాక్ వాల్‌నట్ చెక్క కలిసిన పొట్టు మాత్రం వద్దే వద్దు. దాని మీద ఒక్క రాత్రి నిలబడినా డెక్కలోపల వాపు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఏ చెక్కో రాసి ఉన్న సంచులే కొంటాం. స్టాల్ శుభ్రంగా ఉందో లేదో నిలబడి వాసన చూస్తే తెలియదు. మోకాళ్ల మీద కూర్చుని చూడాలి, పడుకున్న గుర్రం ముక్కు ఉండేది అక్కడే. కళ్లు మండితే అమోనియా చేరినట్టే.

అన్నిటికన్నా నాకు టెన్షన్ అంటురోగాలది. 2021లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో వారాల తరబడి సాగిన పోటీల్లో గుర్రాల హెర్పిస్ వైరస్ వ్యాపించింది. ఆ విజృంభణలో 18 గుర్రాలు చనిపోయాయి. అందుకే ఉదయం, సాయంత్రం జ్వరం చూసి స్టాల్ తలుపు మీది కాగితంలో రాస్తాం. 101.5 ఫారెన్‌హీట్ దాటితే వెంటనే డాక్టర్‌కి ఫోన్. మా బకెట్లు, పార, పంజా ఎవరికీ ఇవ్వం, ఎవరివీ తీసుకోం. పక్క స్టాల్ వాళ్లు మొదట్లో నొచ్చుకున్నారు, తర్వాత వాళ్లూ అదే చేశారు. ఫ్యాన్ తీసుకెళ్తే మోటారు పూర్తిగా మూసి ఉన్నదే తీసుకెళ్లండి. ఇంట్లో వాడే ఫ్యాన్‌లో పొట్టు దుమ్ము చేరి నిప్పంటుకోవచ్చు.

వచ్చే జనవరికి వెల్లింగ్టన్‌లో పక్కా లాయంలో స్టాల్ అడిగాం. దొరక్కపోతే ఒకాలాకే వెళ్తాం. మా అమ్మాయి కూడా సరేనంది.