లసీథి రైతు ఇంట్లో బస అంటూ అమ్ముతున్న ప్యాకేజీ: కొనబోయేవారికి హెచ్చరిక

గ్రీసులోని క్రీట్ ద్వీపంలో, లసీథి పీఠభూమిపై ఒక రైతు కుటుంబంతో రెండు రాత్రుల బస అని చెప్పి ఒక ట్రావెల్ ఏజెంటు అమ్మిన ప్యాకేజీని గత మే నెలలో కొని, మా కుటుంబంలో నలుగురం మోసపోయాం. అదే ప్రకటన, అవే ఫొటోలతో ఇప్పటికీ కనబడుతోంది కనుక, డబ్బు కట్టబోయేవారు ముందుగా ఇది చదవాలని కోరుతున్నాను.

మమ్మల్ని ఆకర్షించింది ఫొటోయే. పొలాల నిండా తెల్లని గుడ్డ తెరచాపలతో తిరుగుతున్న గాలిమరలు అందులో ఉన్నాయి. బావుల నీరు తోడి పైరుకు పెట్టడానికి అక్కడ ఒకప్పుడు వేల గాలిమరలు ఉండేవన్నది నిజమే కాని, మోటారు పంపులు వచ్చాక వాటిలో చాలావరకు ఒట్టి ఇనుప చట్రాలుగా మిగిలాయి. అంత పాత దృశ్యాన్ని ఇప్పటిదిగా చూపినప్పుడే మేము అనుమానించి ఉండవలసింది.

తీరా దిగాక మాకు దొరికిన బస సముద్రతీరంలో, హెర్సోనిసోస్ దగ్గర ఒక హోటల్ గది. రైతు ఇల్లు మరమ్మతులో ఉందని చెప్పి, మరునాడు బస్సులో కొండ మీదికి తీసుకెళ్లి, గ్రీకు దేవతల రాజు జ్యూస్ పుట్టిన చోటుగా పురాణగాథల్లో చెప్పే ప్సిహ్రో గుహ చూపించి, పల్లెలో నలభై నిమిషాలు వదిలారు. అది మధ్యాహ్నం రెండు దాటిన వేళ. అక్కడి రైతులు తెల్లవారకముందే పనికి వెళ్లి ఆ సమయంలో తలుపులు మూసుకుని విశ్రాంతి తీసుకుంటారు. వ్యవసాయ కుటుంబంలో పుట్టిన మా అమ్మ బంగాళాదుంప చేను గట్టున కూర్చుని, మట్టిగడ్డ ఒకటి చేతిలోకి తీసుకుని నలిపి చూస్తూ ఉండగా, ఎదురింటి నల్లబట్టల ముసలావిడ ఏమీ అడగకుండానే గ్లాసుతో చల్లని నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ ఊరివాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదని స్పష్టంగా చెబుతున్నాను.

తిరుగుదారిలో ఒక దుకాణం ముందు బస్సు ఆపి, ఈ పల్లె చెట్లదేనంటూ ఆలివ్ నూనె డబ్బాలు అంటగట్టారు. సుమారు 840 మీటర్ల ఎత్తున, చలికాలం మంచు కురిసే ఆ పీఠభూమి బంగాళాదుంపలకూ ఆపిల్‌కూ పేరుపొందిన నేల. ఆలివ్ తోటలు ఉండేది దిగువ పల్లెల్లో. డబ్బా మీద ఉత్పత్తిదారు పేరు లేదు, రసీదు అడిగితే ఇవ్వలేదు. రసీదు ఇవ్వకపోతే కొనుగోలుదారు డబ్బు చెల్లించనవసరం లేదని గ్రీసు దుకాణాల్లో నోటీసు పెట్టి ఉంటుందన్న సంగతి మాకు తరువాత తెలిసింది.

కొనేముందు పల్లె పేరు, ఇంటి పూర్తి చిరునామా రాతపూర్వకంగా అడగండి. జెర్మియాదో, ప్సిహ్రో వంటి ఊరి పేరు చెప్పకుండా "సంప్రదాయ గ్రామం" అని మాత్రమే రాసి ఉంటే డబ్బు కట్టవద్దు. స్వల్పకాలానికి అద్దెకిచ్చే ఇళ్లకు అక్కడి పన్నుల శాఖ ఇచ్చే నమోదు సంఖ్యను ప్రకటనలో చూపడం తప్పనిసరి. మేము ఆలస్యంగా ఆ సంఖ్య అడిగినప్పుడు, ఇప్పుడు బుకింగ్ మార్చితే గ్రీసు సహా పలు ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు చూపిన బస పత్రం చెల్లదని భయపెట్టి నోరు మూయించారు. వీసా దరఖాస్తుకు ముందే ఈ ప్రశ్నలన్నీ అడిగి తేల్చుకోండి. క్రెడిట్ కార్డుతో కట్టినందువల్ల మేము బ్యాంకులో ఫిర్యాదు చేయగలిగాం, దానిపై నిర్ణయం ఇంకా రావలసి ఉంది. నేరుగా ఖాతాలోకి పంపమని ఆ ఏజెంటు అడిగితే మాత్రం ఒప్పుకోకండి.